పాపకి ఎబ్‌స్టీన్ ఎనామలీ అన్నారు, వాల్వు ఇప్పుడే మార్పించాలా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. రెండో తరగతి చదివే ఏడేళ్ల పాప. బడికి వచ్చిన ఆరోగ్య బృందం గుండెలో శబ్దం వినిపిస్తోందని జిల్లా కేంద్రానికి పంపింది. అక్కడ ఎకో (గుండె స్కాన్) తీసి ‘ఎబ్‌స్టీన్ ఎనామలీ’, అంటే పుట్టుకతో వచ్చే ఒక గుండె వాల్వు లోపం అన్నారు. ఒక ఆసుపత్రిలో ఇప్పుడేమీ వద్దు, ఆరు నెలలకోసారి చూద్దాం అన్నారు. ఇంకో చోట వాల్వు మార్చాలి, త్వరగా రండి అన్నారు. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వెళ్లినందుకే ఇలా అయిందని ఇంట్లో పెద్దవాళ్లు పాప వాళ్లమ్మని అంటున్నారు. పాపేమో ఆడుకుంటూనే ఉంది. మెట్లెక్కితే కాస్త ఆయాసం. ఒకటి రెండుసార్లు మాత్రం “నాన్నా, గుండె గబగబా కొట్టుకుంటోంది” అంది.

నేను పిల్లల గుండె డాక్టర్ని. పాపని చూడకుండా, మీరు రాసిన అంకెల్ని బట్టి చెబుతున్నాను. ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

ముందు వాళ్లమ్మగారి సంగతి తేల్చేద్దాం. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆవిడ తిన్న తిండికీ, చేసిన పనికీ కూడా లేదు. ఎక్కువమంది పిల్లల్లో దీనికి కారణమంటూ ఏదీ దొరకదు. కొద్దిమందిలో గుండె కండరానికి సంబంధించిన ఎంవైహెచ్‌7 లాంటి జన్యువుల్లో మార్పు కనిపిస్తుంది. మానసిక వ్యాధికి వాడే లిథియం మాత్రల గురించి 1970లలో పెద్ద భయం పుట్టింది. తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు ఆ ప్రమాదం అప్పట్లో అనుకున్నదానికన్నా చాలా తక్కువని తేల్చాయి. మేనరికం వల్లనా అని చాలామంది అడుగుతారు. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు మొత్తంగా కాస్త ఎక్కువే, కానీ ఎబ్‌స్టీన్ చాలావరకు అలాంటి చుట్టరికం ఏదీ లేని ఇళ్లలోనే, ఒక్క బిడ్డకే వస్తుంది. కాబట్టి ఈ విషయంలో ఆవిడని ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు. అవసరమైతే తర్వాతి చెకప్‌కి ఆ పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లి డాక్టర్ చేతే చెప్పించండి. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను చేసేది అదే, మందుల కంటే ముందు.

ఇప్పుడు జబ్బు. గుండె కుడివైపు పై గదికీ, కింది గదికీ మధ్య మూడు రేకులున్న ట్రైకస్పిడ్ వాల్వు ఉంటుంది. పై గది నుంచి రక్తం కిందికి దిగనిస్తుంది. కింది గది ఊపిరితిత్తుల వైపు రక్తాన్ని నెట్టేటప్పుడు వెనక్కి రాకుండా మూసుకుంటుంది. కడుపులో బిడ్డ గుండె తయారయ్యేటప్పుడు ఈ రేకులు చాలావరకు కింది గది లోపలి గోడ నుంచే పలచని పొరలుగా విడివడతాయి, తాటి ముంజ మీది పొర ఒలిచినట్టు. ఎబ్‌స్టీన్‌లో ఆ ఒలవడం మధ్యలో ఆగిపోతుంది. మధ్యగోడ వైపు రేకు, కింది వైపు రేకు గోడకే అతుక్కుని ఉండిపోతాయి. ముందు రేకు మాత్రం పెద్దగా, వెడల్పుగా పెరుగుతుంది. దాంతో వాల్వు మూసుకునే చోటు ఉండాల్సిన దానికన్నా కిందికి, గుండె కొస వైపుకి దిగిపోతుంది.

దీనివల్ల రెండు నష్టాలు. రేకులు సరిగ్గా కలవవు కాబట్టి రక్తం వెనక్కి లీకవుతుంది. కింది గదిలో కొంత భాగం వాల్వుకి పైన ఉండిపోతుంది కాబట్టి అది పంపు పనికి రాదు. ఆ భాగం గోడ పలచబడి, పై గదిలో కలిసిపోయినట్టు ఉంటుంది. రిపోర్టులో ‘ఏట్రియలైజ్డ్ ఆర్‌వీ’ అని రాసింది దాన్నే. అంటే ఇది వాల్వు జబ్బు మాత్రమే కాదు, కుడి కింది గది కండరం జబ్బు కూడా. చాలామంది ‘వాల్వు బాగు చేస్తే అయిపోతుంది కదా’ అనుకుని తర్వాత నిరాశపడేది ఈ ముక్క ఎవరూ చెప్పకపోవడం వల్లే.

సుమారు 20,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుందని లెక్క. పుట్టుకతో వచ్చే గుండె లోపాలన్నీ కలిపితే అందులో ఒక శాతం కూడా ఉండదు. 1866లో అప్పటి జర్మనీ ప్రాంతంలోని బ్రెస్లౌ నగరంలో (ఇప్పుడది పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) విల్‌హెల్మ్ ఎబ్‌స్టీన్ అనే యువ డాక్టర్, ఆయాసం, గుండెదడతో చనిపోయిన 19 ఏళ్ల కూలీ శరీరాన్ని పరీక్షించి దీన్ని మొదటిసారి వివరించాడు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలపాటు ఇది పోస్టుమార్టంలోనే బయటపడేది. ఇప్పుడు ఎకోలో నిమిషాల్లో తెలుస్తుంది.

ఇక నెట్‌లో చదివి టెన్షన్ పడుతున్నామని రాశారు. ఈ జబ్బు విషయంలో నెట్ ఎందుకు మోసం చేస్తుందో చెబుతాను. ఒకే పేరు కింద పూర్తిగా వేర్వేరు రోగులున్నారు. కడుపులోనే గుండె ఉబ్బి, ఒంట్లో నీరు చేరి, పుట్టకముందే పోయే బిడ్డ ఉంటుంది. పుట్టగానే నీలంగా మారి వెంటిలేటర్ మీదకి వెళ్లే బిడ్డ ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో దడతో బయటపడేవాళ్లుంటారు. 70 దాటేదాకా ఆపరేషన్ లేకుండా బతికినవాళ్ల కేసులు కూడా వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. మీరు చదివిన భయంకరమైన అంకెల్లో ఎక్కువ భాగం గర్భంలో లేదా పుట్టిన కొద్ది రోజుల్లో బయటపడ్డవాళ్లవి. మీ పాప ఆ దశ దాటి, ఏడేళ్లు పెరిగి, బడికి వెళ్తోంది. ఆ అంకెలు తనకి వర్తించవు.

(పుట్టిన బిడ్డతో ఐసీయూ బయట కూర్చుని ఇది చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. మొదటి రోజుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. అందుకే బలహీనమైన కుడి గది రక్తాన్ని అటు నెట్టలేకపోతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్ మందు ఇచ్చి ఒక రక్తనాళాన్ని తెరిచి ఉంచుతారు. రోజులు గడిచేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గి, కొంతమంది బిడ్డలు ఆపరేషన్ లేకుండానే తేరుకుంటారు. డాక్టర్లు ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అంటే అది చేతులెత్తేయడం కాదు.)

పేరు పక్కన పెట్టి, మీ రిపోర్టులోకి వెళ్దాం.

రేకు 18 మిల్లీమీటర్లు కిందికి దిగిందని ఉంది. ఈ అంకెని పాప శరీర ఉపరితల వైశాల్యంతో భాగించాలి. రిపోర్టులో అది 0.8 చదరపు మీటర్లు. అంటే 22.5. ఎనిమిదికి మించితే ఎబ్‌స్టీన్ అంటాం. కాబట్టి రోగ నిర్ధారణలో అనుమానం లేదు, ఇది స్వల్పమైన రకమూ కాదు. కానీ ఈ ఒక్క అంకె చూసి తీవ్రత నిర్ణయించలేం. దానికంటే ఎక్కువ చెప్పేది ముందు రేకు. అది స్వేచ్ఛగా కదులుతోందా, గోడకి అతుక్కుని ఉందా? ఆపరేషన్‌లో సర్జన్ చేతికి దొరికే గుడ్డంతా అదే. మీ రిపోర్టులో ‘మొబైల్’, అంటే కదులుతోందని రాశారు. మంచి మాట.

లీకు ‘మోడరేట్ టు సివియర్’, అంటే ఓ మోస్తరు నుంచి తీవ్రం. ఈ జబ్బులో లీకు అంచనా కష్టం, చూసేవాళ్లని బట్టి మారుతుంది కూడా. అందుకని నేను గది సైజు, పనితీరు మీద ఎక్కువ దృష్టి పెడతాను. కుడి గది పనితీరు ‘స్వల్పంగా తగ్గింది’ అని ఉంది. దీన్ని సరిగ్గా కొలవాలంటే కార్డియాక్ ఎంఆర్‌ఐ కావాలి. ఏడేళ్ల పిల్ల అంతసేపు కదలకుండా, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఉండగలిగితే మత్తు లేకుండానే తీయొచ్చు. లేకపోతే కొంచెం మత్తు ఇస్తారు. ఒకసారి తీసి పెట్టుకుంటే రెండేళ్ల తర్వాత మళ్లీ తీసినప్పుడు పోల్చుకోవడానికి అసలైన ఆధారం అవుతుంది. ఎకో తీసేటప్పుడు ఎడమ కింది గది కండరం కూడా మామూలుగా ఉందో లేదో చూడమని అడగండి. కొంతమందిలో అక్కడా తేడా ఉంటుంది.

తర్వాత, పై గదుల మధ్య 6 మిల్లీమీటర్ల రంధ్రం, ‘రెండు వైపులా ప్రవాహం’. ఎబ్‌స్టీన్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ రంధ్రం ఉంటుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కాలి నరం నుంచి డివైస్ పంపి రంధ్రం మూసేస్తాం, ఒక్క రోజులో ఇంటికి వెళ్లొచ్చు అని ఎవరైనా చెబితే తొందరపడి ఒప్పుకోకండి. మామూలు రంధ్రం వేరు, ఇది వేరు. కుడి గది మోయలేని రక్తం కొంత ఈ రంధ్రం గుండా ఎడమవైపుకి పోతోంది. దాన్ని మూసేస్తే ఆ భారమంతా బలహీనమైన కుడి గది మీద పడుతుంది. కొందరికి మూయడం మంచిదే, కానీ తాత్కాలికంగా బెలూన్‌తో మూసి ఒత్తిళ్లు కొలిచి చూశాకే.

ఆ రంధ్రం వల్ల చెడు రక్తం కొంత ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి సాచురేషన్ (వేలికి క్లిప్ పెట్టి చూసే, రక్తంలోని ఆక్సిజన్ శాతం) తగ్గుతుంది. పాపకి కూర్చున్నప్పుడు 95 ఉందన్నారు. రెండంతస్తులు మెట్లెక్కించి, పైన వెంటనే మళ్లీ చూడండి. వేలు వెచ్చగా ఉండాలి, గోరింటాకు, గోళ్ల రంగు లేకుండా ఉండాలి. 95 నుంచి 93కి వస్తే ఒక సంగతి, 85కి పడిపోతే పూర్తిగా వేరే సంగతి. వయసుకి తగ్గట్టు ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలియనిది: ఇలాంటి రంధ్రం ఉన్నవాళ్లకి చేతి నరంలో ఎక్కించే సెలైన్‌లో గాలి బుడగ ఉంటే అది మెదడుకి వెళ్లగలదు. జ్వరానికి సెలైన్ పెట్టినా సరే, ‘పాప గుండెలో రంధ్రం ఉంది, ట్యూబులో గాలి లేకుండా చూడండి’ అని నర్సమ్మకి చెప్పండి. విసుక్కున్నా చెప్పండి.

మీ ప్రశ్నలో మీరు చివర్లో పెట్టిన సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. గుండె గబగబా కొట్టుకోవడం. ఈసీజీలో ‘డెల్టా వేవ్’ అని కూడా ఉంది. అంటే పై గది నుంచి కింది గదికి కరెంటు వెళ్లే మామూలు దారి కాకుండా అదనపు దారి ఉంది. దీన్ని డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. ఎబ్‌స్టీన్ ఉన్న ప్రతి ఐదారుగురిలో ఒకరికి ఇది ఉంటుంది, కొందరికి ఒకటి కంటే ఎక్కువ దారులుంటాయి. దడ ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగిపోతోందా అని పాపని అడగండి. అది జరుగుతున్నప్పుడు తీసిన ఈసీజీ బంగారంతో సమానం, కాబట్టి ఈసారి వస్తే ఏ ఆసుపత్రి దగ్గరుంటే అక్కడికి వెళ్లి ముందు ఈసీజీ తీయించండి. వెళ్లేలోపు పాపని పడుకోబెట్టి, పెదాలు గట్టిగా మూసి, మలవిసర్జనకి ముక్కినట్టు పది పదిహేను సెకన్లు ముక్కమనండి. కొన్నిసార్లు దాంతోనే ఆగుతుంది. దడతోపాటు కళ్లు తిరిగి పడిపోయినా, పడిపోబోయినా అది ఎమర్జెన్సీ, రేపు చూద్దాం అనుకోకూడదు.

పాత ఈసీజీ కాపీ ఫోన్‌లో ఉంచుకోండి. ఎక్కడికెళ్లినా ‘డబ్ల్యూపీడబ్ల్యూ ఉంది’ అని మొదటి మాటగా చెప్పండి. దడ తగ్గించడానికి మామూలుగా వాడే కొన్ని మందులు, వెరాపమిల్, డిజాక్సిన్ లాంటివి, ఇలాంటివాళ్లలో కొన్ని రకాల దడకి ఇస్తే ప్రమాదం. ఈ అదనపు దారిని క్యాథెటర్‌తో (నరం గుండా పంపే సన్నని గొట్టంతో) కాల్చేసే అబ్లేషన్ చికిత్స ఉంది. మామూలు గుండెలో కుదిరినంత తేలిగ్గా ఇక్కడ కుదరదు, మళ్లీ వచ్చే అవకాశమూ ఎక్కువ. అయినా ఓపెన్ హార్ట్ ఆపరేషన్‌కి ముందే, ఆ దారి ఎక్కడుందో క్యాథెటర్‌తో వెతికే పరీక్ష చేయించడం మేలు. వాల్వు కుట్టేశాక ఆ చోటికి క్యాథెటర్ చేరడం కష్టమవుతుంది. మిమ్మల్ని త్వరగా రమ్మన్న ఆసుపత్రిలో ఈ పరీక్ష ఊసెత్తలేదని రాశారు. అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆపరేషన్. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే ఒకరు తప్పనుకుంటాం. ఇక్కడ నిజంగానే రెండు పద్ధతులున్నాయి. లక్షణాలు లేని, లీకు ఎక్కువగా ఉన్న పిల్లల్లో కుడి గది పాడవకముందే చిన్నప్పుడే బాగు చేయాలనే సర్జన్లున్నారు. ఆయాసం పెరగడం, సాచురేషన్ పడిపోవడం, గుండె సైజు పెరుగుతూ పోవడం, దడలు ఆగకపోవడం లాంటివి కనిపించేదాకా ఆగాలనేవాళ్లూ ఉన్నారు. రెండు వాదనలకీ బలం ఉంది. నేను మధ్యలో ఉంటాను: కొలతలు దగ్గర పెట్టుకుని, అవి మారడం మొదలవగానే ఆలస్యం చేయను.

కానీ ఏడేళ్ల పాపకి మొదటి మాటగా ‘వాల్వు మార్చాలి’ అంటే నేను ఒప్పుకోను. బాగు చేయడం కుదురుతుందో లేదో ముందు చూడాలి. పిల్లల్లో జంతు కణజాలంతో చేసిన వాల్వు పెద్దవాళ్లలో కన్నా త్వరగా పాడవుతుంది, ఒళ్లు పెరిగేకొద్దీ చిన్నదైపోతుంది, మళ్లీ మార్చాలి. లోహపు వాల్వు పెడితే జీవితాంతం ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు. కుడివైపు రక్తం నెమ్మదిగా పోతుంది కాబట్టి అక్కడ గడ్డ కట్టే అవకాశం ఎడమవైపుకన్నా ఎక్కువ. పైగా ఆడపిల్ల. రేపు గర్భం వచ్చినప్పుడు ఆ మాత్రలు పెద్ద చిక్కు.

బాగు చేసే పద్ధతుల్లో ఇప్పుడు ముందు వరసలో ఉన్నది కోన్ రిపేర్. బ్రెజిల్‌లోని సావో పాలోలో జోసే పెడ్రో డ సిల్వా అనే సర్జన్ 1993లో మొదలుపెట్టారు. కడుపులో సగంలో ఆగిపోయిన పనిని సర్జన్ పూర్తి చేస్తాడు. గోడకి అతుక్కున్న రేకుల్ని జాగ్రత్తగా విడదీసి, గుండ్రంగా తిప్పి కలిపి శంకువు ఆకారంలో కుట్టి, వాల్వు అసలు ఉండాల్సిన చోట బిగిస్తారు. పలచబడిన గోడని మడిచి కుడతారు. రంధ్రం మూస్తారు, కుడి గది బలహీనంగా ఉంటే చిన్న సందు వదులుతారు. గది మరీ బలహీనమైతే పై భాగం చెడు రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకి పంపే గ్లెన్ అనే ఏర్పాటు కూడా కలుపుతారు.

ఇది చేయి తిరగాల్సిన ఆపరేషన్. జబ్బే అరుదు కాబట్టి చాలా ఆసుపత్రుల్లో ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. రేకులు లేతగా ఉంటాయి. మొదటిసారి కుట్టినప్పుడు దొరికినంత కణజాలం రెండోసారి దొరకదు. అందుకే మీ పాప విషయంలో ఈ నెలా, వచ్చే ఏడాదా అన్నదానికంటే ఎవరి చేతిలో అన్నది ముఖ్యం అంటాను. సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి: మీరు ఎబ్‌స్టీన్‌కి కోన్ రిపేర్లు ఎన్ని చేశారు, వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు, బల్ల మీద రిపేర్ కుదరకపోతే ఏం చేస్తారు? మంచి సర్జన్‌కి ఈ ప్రశ్నలకి కోపం రాదు. ‘మా దగ్గర అలాంటివి తక్కువ, ఫలానా చోటికి వెళ్లండి’ అని చెప్పే డాక్టర్‌ని మాత్రం వదులుకోకండి, తర్వాత చెకప్‌లన్నీ ఆయన దగ్గరే చేయించుకోవచ్చు.

డబ్బు గురించి. ఆస్తి అమ్మే ఆలోచన ఇప్పుడే వద్దు. పాపని బడిలో గుర్తించింది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందమే అయుంటుంది. దాని రిఫరల్ కాగితం భద్రంగా ఉంచండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద పిల్లల గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఏ ఆసుపత్రిలో ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల కోసమే శ్రీపద్మావతి హృదయాలయం తెరిచింది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లకి డబ్బు తీసుకోరు. వెళ్లే ముందు పైన చెప్పిన ప్రశ్నలు అక్కడా అడగండి. ఉచితమైనా, లక్షలు తీసుకున్నా ప్రశ్నలు అవే.

రోజువారీ సంగతులు. పాపని మంచం మీద కూర్చోబెట్టకండి. ఆడనివ్వండి, అలసిపోతే తనంతట తను ఆగేలా ఉండాలి. దడ సంగతి తేలేవరకు పరుగు పందేలు, పోటీలు, ఈత వద్దు. బడిలో పీఈటీ సారుకి డాక్టర్ రాసిచ్చిన ఉత్తరం ఇవ్వండి. లేకపోతే ఆయన బద్ధకం అనుకుంటాడు, లేదా భయపడి పూర్తిగా పక్కన కూర్చోబెడతాడు. ఎండాకాలంలో నీళ్లు తాగించండి, వాంతులు విరేచనాలైతే త్వరగా చూపించండి. టీకాలన్నీ వేయించండి. పళ్లు పుచ్చిపోకుండా చూసుకోండి, నోట్లోంచి రక్తంలోకి వెళ్లే క్రిములు ఇలాంటి వాల్వు మీద చేరతాయి. పన్ను పీకించే ముందు యాంటీబయాటిక్ కావాలా అని గుండె డాక్టర్‌ని అడగండి. సాచురేషన్ తక్కువున్నవాళ్లకి, కృత్రిమ వాల్వు పెట్టినవాళ్లకి అది అవసరం. పాపకి కూడా తన గుండె గురించి తనకర్థమయ్యే మాటల్లో చెప్పండి. దడ వచ్చినప్పుడు దాచకుండా చెప్పేది అలాంటి పిల్లలే.

పెళ్లి, పిల్లలు అన్నారు. ఏడేళ్ల పాప పెళ్లి గురించి ఇప్పుడే దిగులెందుకు అనాలనుంది, కానీ మన ఇళ్లలో ఆ మాట మొదటి రోజే వస్తుందని తెలుసు. సాచురేషన్ బాగుండి, కుడి గది పనిచేస్తూ, దడలు అదుపులో ఉన్న ఎబ్‌స్టీన్ స్త్రీలు చాలామంది పిల్లల్ని కన్నారు. గర్భానికి ముందే గుండె పరీక్షలు చేయించుకుని, కాన్పు పెద్ద ఆసుపత్రిలో పెట్టుకోవాలి. నీలం రంగు ఉన్నవాళ్లకి మాత్రం గర్భస్రావాలు, తక్కువ బరువు బిడ్డలు పుట్టే ప్రమాదం ఎక్కువ.

మీరు ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారన్నారు. ధైర్యంగా ప్లాన్ చేసుకోండి. మళ్లీ గుండె లోపం వచ్చే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది, అదీ ఏదో ఒక గుండె లోపం, ఎబ్‌స్టీనే కానక్కర్లేదు. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌తో సరిపెట్టకుండా, 18 నుంచి 22 వారాల మధ్య పిల్లల గుండె డాక్టర్ చేత ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండె స్కాన్) విడిగా తీయించండి. స్కాన్‌కి వెళ్లేటప్పుడు పాప రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.